తక్కువ ఖర్చు, ఎక్కువ చీకటి: ప్రైవేటు డిటెక్టివ్ తెలుగు తెరకు ఎందుకు ఆలస్యంగా వచ్చాడు?

ఈ పాఠంలో ఒక సినిమా రకం చరిత్రను పరిశీలిస్తాం. 1940లలో అమెరికాలో తక్కువ ఖర్చుతో తీసిన నేరకథా చిత్రాల్లో ఒక ప్రైవేటు డిటెక్టివ్ స్థిరపడ్డాడు. అతను పోలీసు కాడు. డబ్బున్నవాడూ కాడు. రోజుకింత అని ఫీజు, దాని మీద ఖర్చులు తీసుకుని ఇతరుల కోసం నిజం వెతికిపెట్టే మనిషి. మాట కరుకు, నమ్మకం తక్కువ, దెబ్బలు తినడం అలవాటు. ఇలాంటివాణ్ణి మన భాషలో 'రాటుదేలిన' డిటెక్టివ్ అనవచ్చు.

తెలుగు పాఠకులు కూడా డిటెక్టివ్ నవలలను ఎగబడి చదివారు. తక్కువ పెట్టుబడితో సినిమా తీయగల నిర్మాతలకు మద్రాసులో కొదవ లేదు. అయినా రాటుదేలిన ప్రైవేటు డిటెక్టివ్ తెలుగు తెర మీద దశాబ్దాల పాటు నిలబడలేదు. అతను రావలసిన చోటికి ముందు ప్రభుత్వ గూఢచారి వచ్చాడు, తర్వాత నవ్వించే డిటెక్టివ్ వచ్చాడు. ప్రేక్షకుల అభిరుచి అంతేనని సరిపెట్టుకోవడం చరిత్ర విద్యార్థికి తగదు. కారణాలు సినిమా హాళ్ళ వ్యాపారంలోనూ, మన సమాజంలో ప్రశ్న అడిగే అధికారం ఎవరిది అన్న విషయంలోనూ ఉన్నాయి. వాటిని వెతుకుతూ హాలీవుడ్ నుంచి మద్రాసుకు, అక్కడి నుంచి సీలేరుకు, చివరికి నెల్లూరుకు వెళ్తాం.

పత్రికల్లో పుట్టిన మనిషి

అమెరికాలో ప్రైవేటు డిటెక్టివ్ ముందు ఒక వృత్తి, ఆ తర్వాతే ఒక పాత్ర. అలన్ పింకర్టన్ 1850 ప్రాంతంలో షికాగోలో పెట్టిన ఏజెన్సీ రైల్వేలకూ బ్యాంకులకూ పనిచేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ యజమానుల తరఫున కార్మిక సంఘాల్లోకి తన మనుషులను పంపింది. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం సమ్మెలో పింకర్టన్ మనుషులకూ కార్మికులకూ మధ్య కాల్పులు జరిగి ఇరువైపులా ప్రాణాలు పోయాయి. అంటే ఈ వృత్తికి మొదటినుంచీ మంచిపేరు లేదు. డబ్బిచ్చినవాడి పని చేసే మనిషి అన్న అనుమానం వెంటే ఉంది.

డాషియెల్ హామెట్ అనే యువకుడు 1915లో ఈ పింకర్టన్ సంస్థలోనే పనికి కుదిరాడు. తర్వాత రచయిత అయ్యాడు. అతని కథలు వచ్చిన 'బ్లాక్ మాస్క్' 1920లో మొదలైన చవక కాగితం పత్రిక. అది మద్యనిషేధ కాలం. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యం తయారీ, అమ్మకం నేరం. దొంగసారా ముఠాలు నగరాల్లో పోలీసులను, రాజకీయ నాయకులను కొనేశాయి. పోలీసు అమ్ముడుపోయిన ఊళ్ళో నిజం ఎవరు చెప్పాలి? హామెట్ ఇచ్చిన జవాబు శామ్ స్పేడ్. రేమండ్ చాండ్లర్ ఇచ్చిన జవాబు ఫిలిప్ మార్లో. వీళ్ళు పుణ్యపురుషులు కారు. పోలీసులకు మాత్రం అమ్ముడుపోని, ధనవంతులకు పూర్తిగా లొంగని, తన ఫీజుకు తాను న్యాయం చేసే మనుషులు.

షెర్లాక్ హోమ్స్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. హోమ్స్ చిక్కుముడి విప్పగానే లండన్ మళ్ళీ ప్రశాంతంగా ఉంటుంది. మార్లో హంతకుణ్ణి పట్టుకున్నా లాస్ ఏంజెలిస్ మారదు. నేరం ఒక మనిషిది కాదు, ఊరిది.

చీకటి ఎందుకు చవక?

హామెట్ నవల 'ది మాల్టీజ్ ఫాల్కన్'ను 1941లో జాన్ హస్టన్ తన తొలి చిత్రంగా తీశాడు. హంఫ్రీ బోగార్ట్ శామ్ స్పేడ్. ఇది పెద్ద స్టూడియో చిత్రమే. చాండ్లర్ విషయం మరీ ఆసక్తికరం. అతని 'ఫేర్‌వెల్, మై లవ్‌లీ' నవలను ఆర్.కె.ఓ. స్టూడియో 1942లో వేరే డిటెక్టివ్ పేరుతో ఒక చిన్న చిత్రానికి వాడుకుంది. అదే స్టూడియో 1944లో అదే నవలను 'మర్డర్, మై స్వీట్'గా మళ్ళీ తీసింది. అంతవరకు పాటల చిత్రాల్లో చిరునవ్వుల హీరోగా ఉన్న డిక్ పావెల్ ఇందులో గడ్డం మాసిన మార్లోగా కనిపించి జనాన్ని ఆశ్చర్యపరిచాడు.

చిన్న చిత్రం అంటే ఏమిటో ఇక్కడ తెలుసుకోవాలి. 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రేక్షకులను రప్పించడానికి అమెరికా హాళ్ళు ఒకే టికెట్టుకు రెండు సినిమాలు చూపడం మొదలుపెట్టాయి. మొదటిది పేరున్న తారలతో తీసిన పెద్ద చిత్రం. దానికి హాలు వసూళ్ళలో శాతం చెల్లించేది. రెండోదాన్ని 'బి' సినిమా అనేవారు. నిడివి గంట, మహా అయితే గంటంపావు. దానికి హాలు యజమాని ఇచ్చేది స్థిరమైన అద్దె మాత్రమే. ఈ అద్దె పద్ధతిని జాగ్రత్తగా గమనించండి. బి సినిమా ఎంత బాగా ఆడినా నిర్మాతకు అదనంగా వచ్చేది లేదు. ఆడకపోయినా అద్దె అద్దే. కాబట్టి లాభానికి ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. ఖర్చు గీత దాటనంతవరకు హీరో మంచివాడా కాడా, కథ సుఖాంతమా కాదా అని పెద్దలు అంతగా తలదూర్చేవారు కారు. సెన్సారు నియమావళి అందరికీ ఒకటే. కానీ పైవాళ్ళ కన్ను పడని చోట దర్శకుడికి కొంత వెసులుబాటు దొరికింది.

దీనికి యుద్ధం తోడైంది. 1942 తర్వాత ఒక్కో చిత్రానికి సెట్ల కోసం కొనే కొత్త సామాగ్రి మీద అమెరికా ప్రభుత్వం 5,000 డాలర్ల పరిమితి పెట్టింది. పాత సెట్టునే మళ్ళీ వాడాలి, కానీ పాతదని తెలియకూడదు. ఏం చేయాలి? లైట్లు తగ్గించాలి. గోడలో సగం నీడలో పెడితే ఆ సగాన్ని కట్టనక్కరలేదు. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి హిట్లర్‌కు భయపడి వచ్చిన దర్శకులకు నీడలతో కథ చెప్పడం అంతకుముందే తెలుసు. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్టన్ లాంటివాళ్ళు ఒక్క దీపంతో గది మొత్తం భయాన్ని నింపడం నేర్చారు. ఫ్రెంచి విమర్శకులు తర్వాత మెచ్చుకున్న ఆ చీకటిలో కళ ఎంత ఉందో కరెంటు ఖర్చు, కలప ఖర్చు కూడా అంతే ఉన్నాయి.

ఇందుకు అందరూ చూపే ఉదాహరణ 'డిటూర్'. 1945లో పి.ఆర్.సి. అనే బీద స్టూడియోకు ఎడ్గార్ ఉల్మర్ తీసిన 68 నిమిషాల చిత్రం. ఇందులో డిటెక్టివ్ లేడు, దారిన పోయే కార్లు ఆపి ఎక్కే ఒక పియానో వాద్యకారుడు ఉన్నాడు. ఒక దృశ్యంలో ప్రేమికులిద్దరూ న్యూయార్క్ వీధిలో నడుస్తారు. వీధి లేదు. పొగమంచు, దీపస్తంభం, వీధి పేర్ల బోర్డు మాత్రమే ఉన్నాయి. ఈ చిత్రాన్ని ఆరు రోజుల్లో తీశారని చాలాకాలం చెప్పుకున్నారు. పరిశోధకులు తర్వాత ఆ లెక్కను సందేహించారు. చవకదనం గురించి ఇలాంటి కథలు సినిమారంగంలో తేలిగ్గా పెరుగుతాయి. వాటిని ఆధారాలుగా తీసుకునే ముందు జాగ్రత్తపడండి.

ఇక పేరు సంగతి. 'నువార్' అంటే ఫ్రెంచి భాషలో నలుపు (మన పత్రికలు 'నోయిర్' అని కూడా రాస్తాయి). జర్మన్ల ఆక్రమణలో ఉన్నంతకాలం ఫ్రాన్సుకు కొత్త అమెరికా సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాటికి ఈ మాట వాడాడు. అమెరికాలో తీసినవాళ్ళకు తాము 'ఫిల్మ్ నువార్' తీస్తున్నామన్న ఎరుక లేదు. వాళ్ళకవి నేరకథలు, అంతే.

1948లో అమెరికా సుప్రీంకోర్టు పెద్ద స్టూడియోలను తమ హాళ్ళు వదులుకునేలా తీర్పు ఇచ్చింది. ఆపైన టెలివిజన్ వచ్చింది. రెండో సినిమాకు చోటు పోయింది. ఆ చివరి రోజుల్లో, 1955లో, రాబర్ట్ ఆల్డ్రిచ్ తీసిన 'కిస్ మీ డెడ్లీ'లో మైక్ హ్యామర్ అనే డిటెక్టివ్ విడాకుల కేసులతో బతుకుతుంటాడు. అతను వెతికే పెట్టెలో ఉన్నది నగలో నోట్లో కాదు, అణు పదార్థం. చవక డిటెక్టివ్ చేతికి మొత్తం ప్రపంచపు భయం చిక్కింది.

మద్రాసులో ఏమి జరిగింది?

ఇప్పుడు మన వైపు చూద్దాం. తెలుగులో అపరాధ పరిశోధన నవలలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నుంచే ఉన్నాయి. కొన్ని బెంగాలీ నుంచి వచ్చాయి, కొన్ని ఇక్కడే పుట్టాయి. స్వాతంత్ర్యం తర్వాత అవి పాకెట్ పుస్తకాలై బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఇంటింటికీ తెలిసిన పేర్లు. టెంపోరావు, విశ్వప్రసాద్ వంటివారు కుప్పలుతెప్పలుగా రాశారు. ఆరుద్ర అంతటి కవి కూడా 'ఆనకట్ట మీద హత్య' అనే నవల రాశాడు.

మరి సినిమా? మొదటి అడ్డంకి హాల్లోనే ఉంది. మనకు ఒకే టికెట్టుకు రెండు సినిమాలు చూపే పద్ధతి లేదు. ప్రేక్షకుడు కొన్న టికెట్టుకు రెండున్నర, మూడు గంటల ఒకే చిత్రం. అందులో పాటలు, హాస్యం, కుటుంబం, పోరాటం అన్నీ ఉండాలి. గంట నిడివి గల, పాటలు లేని, నిరాశతో ముగిసే చిన్న చిత్రానికి ఆటల పట్టికలోనే చోటు లేదు. కాబట్టి మన దగ్గర తక్కువ బడ్జెట్ చిత్రమంటే చిన్న చిత్రం కాదు, పెద్ద చిత్రాన్నే తక్కువ డబ్బుతో తీయడం. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. నా దృష్టిలో మిగతా చరిత్ర చాలావరకు దీని నుంచే వచ్చింది.

'బి' అన్న అక్షరమే చూడండి. అమెరికాలో అది కార్యక్రమంలో సినిమా స్థానం. తెలుగు సినిమా వ్యాపారంలో అది ఊరి స్థానం. నగరాలు ఎ సెంటర్లు, పట్టణాలు బి సెంటర్లు, చిన్న ఊళ్ళు సి సెంటర్లు. అక్కడ ఒకే హాల్లో రెండు తరగతుల సినిమాలు ఆడితే, ఇక్కడ ఒకే సినిమా మూడు తరగతుల ఊళ్ళలో ఆడింది. నేల టికెట్టువాడికీ, బాల్కనీవాడికీ ఒకే బొమ్మ నచ్చాలి. చేదు కథకు అంత సాహసం ఎవరు చేస్తారు?

చీకటిని చిత్రించే నేర్పు లేక కాదు. మార్కస్ బార్ట్లే 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) చిత్రాలకు పట్టిన వెన్నెలను చూసినవారెవరూ మద్రాసు ఛాయాగ్రాహకులకు రాత్రిని తీయడం రాదనలేరు. కానీ మన తెర మీద రాత్రి అంటే వెన్నెల, వెన్నెల అంటే ప్రేమ. అదే సమయంలో బొంబాయిలో గురుదత్ 'బాజీ' (1951), రాజ్ ఖోస్లా 'సి.ఐ.డి.' (1956) తీసి నగరపు రాత్రిని జూదం, హత్యలతో నింపారు. బొంబాయి చిత్రాలకు బొంబాయి నగరమే ఇతివృత్తమైంది. తెలుగు సినిమాకు ఆ సౌకర్యం లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వేరే రాష్ట్రపు రాజధాని. సినిమా అక్కడ తయారవుతుంది, చూసేవాళ్ళు బెజవాడలో, ఏలూరులో, వరంగల్లులో ఉంటారు. యుగంధర్ మద్రాసులో కాపురమున్నాడు, ఎందుకంటే పాఠకుడు ఊహతో ఏ నగరానికైనా వెళ్ళగలడు. తెర మీద మాత్రం మద్రాసు ఒక స్టూడియో ఫ్లోరుగా మిగిలింది.

రెండో అడ్డంకి అధికారానిది. ప్రైవేటు డిటెక్టివ్ అనే వృత్తికి మన దేశంలో నేటికీ ప్రత్యేక చట్టం లేదు. కాపలాదార్లను సరఫరా చేసే సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005లో చట్టం వచ్చింది. డిటెక్టివ్ ఏజెన్సీల కోసం 2007లో బిల్లు పార్లమెంటుకు వచ్చింది గానీ చట్టం కాలేదు. నిజానికి అమెరికా డిటెక్టివ్ బతుకుతెరువులో పెద్ద భాగమైన పనిని మన సమాజం బంధువుల చేతే చేయించుకుంది. దాని పేరు వాకబు. పెళ్ళికొడుకు ఉద్యోగం నిజమేనా, ఆ ఇంటి మీద అప్పులున్నాయా అని మేనమామో పెళ్ళిళ్ళ పేరయ్యో కనుక్కొస్తాడు. ఫీజు భోజనం, తాంబూలం. ఇక నేరం విషయానికి వస్తే అడిగేవాడు సర్కారు మనిషే.

అందుకే తెర మీద దర్యాప్తు చేసేవాడు ఉద్యోగి అయ్యాడు. 1965లో విజయా వారు ఎన్.టి.రామారావుతో తీసిన చిత్రం పేరే 'సి.ఐ.డి.'. మరుసటి ఏడాది 'గూఢచారి 116' వచ్చింది. డూండీ నిర్మాణం, ఎం.మల్లికార్జునరావు దర్శకత్వం, ఆరుద్ర మాటలు. 'తేనె మనసులు' (1965)తో పరిచయమైన కృష్ణ అందులో స్కూటరు మీద కారును వెంబడించిన తీరు చూసి డూండీ అతణ్ణి ఎంచుకున్నాడంటారు. ఈ విజయం తర్వాత దారి ఏర్పడిపోయింది. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 'జేమ్స్ బాండ్ 777' (1971), 'ఏజెంట్ గోపి' (1978), 'రహస్య గూఢచారి' (1981) వచ్చాయి. మధ్యలో దాస్ విజయలలితతో 'రౌడీ రాణి' (1970) తీసి, తుపాకీ ఆడమనిషి చేతికిచ్చాడు. చవక చిత్రం చేయగల సాహసం అంటే అది.

ఈ చిత్రాలను చిన్నచూపు చూడవలసిన పని లేదు. బి, సి సెంటర్లలో జనం వీటిని ఈలలతో చూశారు. వీటి వేగం, కోణాలు, రంగుల దీపాల డెన్‌లు తర్వాతి మాస్ సినిమాకు పునాది. కానీ వీటి హీరో రాటుదేలిన డిటెక్టివ్‌కు సరిగ్గా వ్యతిరేకం. మార్లోకు జీతం లేదు, 116కు ప్రభుత్వ జీతం ఉంది. మార్లో ప్రశ్న చివరికి ఊరి పెద్దల ఇంటికి వెళ్తుంది. 116 ప్రశ్న విదేశీ ముఠా గుహ దగ్గర ఆగుతుంది. చైనా, పాకిస్తాన్ యుద్ధాలు జరిగిన ఆ దశకంలో దేశం కోసం పోరాడే హీరో కావలసివచ్చాడని అర్థం చేసుకోవచ్చు. దాని మూల్యం ఏమిటంటే, నేరం ఎప్పుడూ బయటివాడిదే అయింది.

సీలేరు: అపరిచితుల ఊరు

డిటెక్టివ్ కథకు అపరిచితులు కావాలి. పక్కింటివాడెవరో తెలియని చోటే అతనికి పని. దీన్ని పరీక్షించడానికి మన రాష్ట్రంలో సీలేరు కంటే మంచి చోటు తక్కువ.

సీలేరు నది ఎగువన మాచ్‌కుండ్ పేరుతో ప్రవహించి, మన సరిహద్దులో సీలేరుగా పారి శబరిలో కలుస్తుంది. ఈ కొండల్లోని గూడేల్లో మనుషులు ఒకరికొకరు ఇంటిపేరుతో, కొండపేరుతో తెలుసు. సంతకు కొత్త మొహం వస్తే ఆ సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఎవరి కంటా పడకుండా తిరగడం డిటెక్టివ్ మొదటి నేర్పు, ఇక్కడ అది పనికిరాదు. ఇక్కడ ప్రశ్నలు వేసే బయటి మనిషి ఎప్పుడూ ఒకే తరహావాడు: అటవీ శాఖవాడు, పోలీసు, లేదా వాళ్ళకు కబురు మోసే వేగు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడులు మొదలైన తర్వాత రెండేళ్ళ పాటు ఈ అడవుల్లో జరిగిన పోరాటంలో తుపాకులెంత ముఖ్యమో సమాచారమూ అంతే ముఖ్యం. మన్యం జ్ఞాపకంలో విచారణ చేసేవాడు అంటే సర్కారు పక్షం.

తర్వాత విద్యుత్ ప్రాజెక్టులు వచ్చాయి. 1955లో మాచ్‌కుండ్ కేంద్రం మొదలైంది. జలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి. 1967-68 నాటికి సీలేరులో ఎగువ సీలేరు విద్యుత్ కేంద్రం పనిచేయసాగింది. కోస్తా నుంచి ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, మెకానిక్కులు, కూలీలు వచ్చారు. క్వార్టర్లు లేచాయి, రాత్రి షిఫ్టులు మొదలయ్యాయి. అడవి మధ్య ఒకరికొకరు కొత్తవాళ్ళైన మనుషుల కాలనీ ఏర్పడింది. అంటే, 'గూఢచారి 116' బి సెంటర్లలో తిరుగుతున్న ఏళ్ళలోనే నువార్‌కు కావలసిన రంగస్థలం మన కొండల్లో తయారైంది. నీళ్ళు, భూమి, కాంట్రాక్టు, పరిహారం, కొత్త మొహాలు.

ఇది ఊహాగానం కాదనడానికి ఒక పోలిక. లాస్ ఏంజెలిస్ నగరం 1913లో ఓవెన్స్ లోయ నుంచి కాలువ తవ్వి నీళ్ళు తెచ్చుకుంది. ఆ లోయ రైతులు ఎండిపోయారు. ఆ చరిత్రను స్వేచ్ఛగా మార్చి రోమన్ పొలాన్‌స్కీ 1974లో 'చైనాటౌన్' తీశాడు. జేక్ గిట్టెస్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఒక వ్యభిచారం కేసుతో మొదలుపెట్టి, నీటిని దారిమళ్ళించి భూములు చవగ్గా కొంటున్న పెద్దమనిషి దగ్గర తేలతాడు. గెలవడు. ఇది తక్కువ బడ్జెట్ చిత్రం కాదు, కానీ పాత చవక చిత్రాలు నేర్పిన ప్రశ్ననే అడిగింది: ఈ నీళ్ళు ఎవరివి, వీటివల్ల ఎవరు బాగుపడ్డారు?

అదే 1974 మే 1న 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. సీలేరు వెళ్ళే దారిలోని చింతపల్లి ప్రాంతంలో చాలాభాగం తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావు మధ్యలో కన్నుమూస్తే పోరాట దృశ్యాలను కె.ఎస్.ఆర్.దాస్ తీశాడు. ప్రభుత్వ గూఢచారిగా పేరు తెచ్చుకున్న కృష్ణ, గూఢచారి చిత్రాల దర్శకుడు దాస్, ఇద్దరూ మన్యానికి వచ్చి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన వీరుడి కథ తీశారు. తెలుగు సినిమా చరిత్రలో ఇది గొప్ప ఘట్టం. కానీ 1922 నాటి అన్యాయాన్ని అడగగలిగిన కెమెరా, అదే అడవిలో తన కాలంలో జరుగుతున్న మార్పు గురించి ఏమీ అడగలేదు. గతంలోని దొర మీద ప్రశ్న వేయవచ్చు. వర్తమానంలోని కాంట్రాక్టరు మీద వేయాలంటే ఫీజు తీసుకుని తిరిగే ఒక సామాన్యుడు కావాలి. ఆ పాత్ర మన దగ్గర లేదు. ఆ తర్వాత మన్యం, అరకు సినిమాలకు ఎక్కువగా పాటల లొకేషన్‌గానే పనికొచ్చాయి.

అడవిని నువార్‌గా చూసిన తెలుగు చిత్రం ఒకటుంది. వంశీ 1985లో తీసిన 'అన్వేషణ'. పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన అమ్మాయి, పులి చేసిందనుకుంటున్న మరణాలు, ఎం.వి.రఘు కెమెరాలో పొగమంచు, ఇళయరాజా సంగీతం. ఉల్మర్ వీధిని దాచడానికి మంచు వాడితే, రఘు అడవిని అనుమానంతో నింపడానికి వాడాడు. అయినా అందులో కూడా నిజం కనిపెట్టేవాడు మారువేషంలో ఉన్న పోలీసే.

నవ్వుల దారిన వచ్చినవాడు

ప్రైవేటు డిటెక్టివ్ తెలుగు తెరకు గట్టిగా గుర్తుండేలా వచ్చింది హాస్యంగా. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో 'చంటబ్బాయ్' తీశాడు. డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి. అప్పటికే మాస్ హీరోగా వెలుగుతున్న నటుడు తనను తాను వెక్కిరించుకున్నాడు. 1993లో వంశీ మోహన్‌బాబుతో 'డిటెక్టివ్ నారద' తీశాడు. ఈ నవ్వులో ఒక ఒప్పుకోలు ఉంది. లైసెన్సు లేని, పోలీసు కాని మనిషి కోటు వేసుకుని ప్రశ్నలు వేస్తే మన వీధిలో జనం నవ్వుతారు. జంధ్యాల ఆ నవ్వును దాచకుండా కథలోకే తెచ్చుకున్నాడు.

2019 జూన్‌లో విడుదలైన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' అక్కడినుంచే మొదలవుతుంది. స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకుడు, నవీన్ పొలిశెట్టి కథానాయకుడు. పెద్ద తారలు లేరు. ఖరీదైన సెట్లు లేవు. నెల్లూరులో ఒక చిన్న ఆఫీసు, దానికి ఎఫ్.బి.ఐ. అని పేరు, ఎఫ్ అంటే ఫాతిమా. సినిమాలు చూసి డిటెక్టివ్ అయిన కుర్రాడు, స్నేహ అనే అసిస్టెంట్, పోలీసుల చేత చీవాట్లు. మొదటి అరగంట చంటబ్బాయికి మనవడిలా కనిపిస్తాడు.

తర్వాత రైలు పట్టాల పక్కన ఒక శవం దొరుకుతుంది. ఆత్రేయే అనుమానితుడై లాకప్పులో పడతాడు. తల్లి చనిపోయిన కబురు అందినా చివరిచూపు దక్కని కొడుకు అతను. పట్టాల వెంట ఎవరూ అడగని అనాథ శవాలు ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్న నెమ్మదిగా అతని సొంత దుఃఖానికి అతుక్కుంటుంది. నేరం విదేశీ ముఠాది కాదు. జనం భక్తిని, అజ్ఞానాన్ని, ఫైళ్ళు మూసేసే అలవాటును వాడుకునే వ్యాపారం. అంటే నేరం ఊరిది. నువార్ అసలు స్వభావం, రోజంతా ఎండ కాసే నెల్లూరులో, నీడలు పెద్దగా లేకుండానే పట్టుబడింది.

ఇది 2019లో ఎలా సాధ్యమైంది? హాలు మారింది. మల్టీప్లెక్సులో చిన్న చిత్రానికి రోజుకు రెండు ఆటలు దొరుకుతాయి. డిజిటల్ కెమెరా తక్కువ వెలుతురులో, అసలు వీధిలో పనిచేస్తుంది. హాల్లో చూడనివాడు ఓటీటీలో చూస్తాడు, దానికి నిర్మాతకు ముందే ఇంత అని డబ్బు ముడుతుంది. ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎంతమంది చూసినా అదే మొత్తం. అమెరికా బి సినిమాకు హాలు యజమాని ఇచ్చిన స్థిరమైన అద్దెకు ఇది దూరపు చుట్టమే.

2022లో తమిళంలో 'ఏజెంట్ కన్నాయిరం' వచ్చింది, సంతానం కథానాయకుడు. నెల్లూరు డిటెక్టివే అక్కడ వేరే పేరుతో తిరిగాడు. తెలుగు డిటెక్టివ్‌లు మద్రాసు వెళ్ళి కాపురముండే రోజుల నుంచి, నెల్లూరు డిటెక్టివ్ కథను తమిళులు కొనుక్కునే రోజుకు అరవయ్యేళ్ళు పట్టింది.

అభ్యాసం

1. అమెరికాలో 'బి' సినిమాకూ, తెలుగు వ్యాపారంలో 'బి' సెంటరుకూ ఉన్న తేడా డిటెక్టివ్ పాత్రను ఎలా ప్రభావితం చేసింది? మీరు చూసిన ఏదైనా రెండు చిత్రాలతో వివరించండి.

2. మీ ప్రాంతంలో ప్రాజెక్టు, గని, ఓడరేవు లేదా రహదారి వల్ల ఏర్పడిన కొత్త కాలనీని ఒకదాన్ని తీసుకోండి. అక్కడ ఒక ప్రైవేటు డిటెక్టివ్ ఏ ప్రశ్నతో మొదలుపెడతాడు, ఎవరి ఇంటి ముందు ఆగిపోతాడు? సుమారు రెండు పుటల్లో రాయండి.